నేను కాలేయాన్ని

కుడివైపు పక్కటెముకల చాటున ఉంటాను. కిలోన్నర దాకా తూగుతాను. నా మనిషిది బర్మామైన్స్, టాటానగర్ స్టేషన్‌కు దగ్గరి పేట. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో ఇప్పటికీ సిక్కోలు మాటే.

హెపటైటిస్‌-బి వైరస్ నాలోకి కాన్పు వేళ తల్లి రక్తంతోనే వచ్చింది. టీకా అప్పటికే ఉంది గానీ విదేశీ సరుకు, కూలి ఇళ్లకు అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే టీకా తయారుచేసి ధర దించింది. అప్పటికి నా మనిషికి మీసాలొస్తున్నాయి. ఒంట్లో తిష్ఠవేసిన వైరస్‌ను టీకా వెళ్లగొట్టలేదు.

నా కణాల్లో మైటోకాండ్రియాలు ఆక్సిజన్‌తో శక్తి పుట్టిస్తాయి. ఆ పనిలో కొంత ఆక్సిజన్ చురుకెక్కి సూపర్‌ఆక్సైడ్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా తప్పించుకుంటుంది. రోజూ జరిగేదే; గ్లూటాథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ దాన్ని ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. వైరస్ వల్ల ఆ చురుకు ఆక్సిజన్ ఉత్పత్తి పెరిగింది, ఎడతెగని వాపు ఇంకా పెంచింది. పైగా డ్యూటీ దిగాక ఇప్పసారా. రోజూ తాగేవాడి కాలేయంలో సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ పెరుగుతుంది. సారాను విరిచే పనిలో అదే మళ్లీ ఆ చురుకు ఆక్సిజన్‌ను వదులుతుంది. గ్లూటాథయోన్ చాలలేదు. ఈ తూకం తప్పడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని నిర్వచించాడు.

నేను ఇనుము కూడా దాస్తాను. విడిపడిన ఇనుము పెరాక్సైడ్‌ను తాకితే హైడ్రాక్సిల్ అనే మరో చురుకు రూపం పుడుతుంది. ఉక్కు ఊరివాళ్లకు తుప్పు సంగతి నేను చెప్పాలా? నాలో తుప్పు పట్టింది డీఎన్‌ఏకి. గ్వానిన్ అనే అక్షరం రూపు మారి, కణం చీలేటప్పుడు తప్పు జతను పట్టుకుంటుంది.

కోసినా మళ్లీ పెరుగుతానని నాకు పేరు. అదే నా కొంప ముంచింది. చచ్చిన కణాల చోట కొత్తవి పుట్టించడానికి నేను చీలుతూనే ఉన్నాను. చీలిన ప్రతిసారీ దిద్దని తప్పు పిల్ల కణానికి దిగిపోయింది. పక్కనే మచ్చలు గట్టిపడి సిర్రోసిస్ అయింది. చివరికి ఒక కణం నా ఆజ్ఞ దాటి క్యాన్సర్ అయింది. నన్ను కాపాడే యాంటీఆక్సిడెంట్ ఏర్పాట్లనే అది తన రక్షణకు వాడుకుంది. అందుకే యాంటీఆక్సిడెంట్లని అమ్మే మందుల షాపు విటమిన్ బిళ్లలను ఈ జబ్బుకు మందని నమ్మితే నాకు కడుపు మండుతుంది.

మా ఊళ్లో 1975 నుంచి మెహర్‌బాయి టాటా పేరున క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నొప్పే లేనివాడు ఎందుకు వెళ్తాడు? నా లోపల నొప్పి చెప్పే నరాలు లేవు, పైపొరకే ఉన్నాయి. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించి ఉంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికేది.

"ఏటి మావా, రెండు ముద్దలకే లేసిపోతన్నావు?" అని భార్య అడిగిన వారానికి స్కాన్ తీశారు. గడ్డ ఏడు సెంటీమీటర్లు. డాక్టర్ మందుల చీటీ పక్కన పెట్టి, ఇంట్లో అందరికీ టీకాలు పడ్డాయా అని అడిగాడు. కూతురికి పుట్టిన రోజే వేయించారు. కొడుకు సంగతి ఎవరికీ గుర్తులేదు. వాడికీ తల్లికీ అప్పుడే రక్తపరీక్ష రాశాడు.