15 సెంటీమీటర్ల నేను

నా ఎత్తు 15 సెంటీమీటర్లు. స్టాక్‌హోమ్‌లో వీధిన పడ్డ విగ్రహాల్లో నాకంటే పొట్టివాడు లేడంటారు. రాజభవనానికి దగ్గర్లో, ఫిన్నిష్ చర్చి వెనక పెరట్లో, మంచమ్మీద మోకాళ్లు ముడుచుకుని, వాటి చుట్టూ చేతులేసుకుని కూర్చుంటాను. శిల్పి లిస్ ఎరిక్సన్ చిన్నప్పుడు నిద్రపట్టక కిటికీలోంచి చందమామను చూస్తుండేవాడట. ఆ పిల్లాణ్ణే 1954లో ఇనుముతో చేశాడు. 1967లో నన్నిక్కడ నిలబెట్టారు, కాదు, కూర్చోబెట్టారు. ఊరివాళ్లకి నేను 'ఇనప కుర్రాణ్ణి'.

విమానం మారే మధ్యలో నాలుగైదు గంటలు చిక్కించుకుని వచ్చేవాళ్లని చప్పుడుతోనే పట్టేస్తాను. చక్రాల పెట్టె రాళ్లబాట మీద గడగడమంటుంది. ఆర్లాండా విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో సెంట్రల్ స్టేషన్‌కి సుమారు 20 నిమిషాలు. ఆ పెట్టెను స్టేషన్లో ఏ లాకర్లోనో పడేస్తే వాళ్లకీ సుఖం, మాకూ సుఖం. అక్కణ్ణుంచి వంతెన దాటితే మా పాతబస్తీ గామ్లా స్తాన్. పావుగంట నడక.

అంత తక్కువ టైములో వాసా ఓడ కూడా చూసెయ్యాలని కొందరి ఆత్రం. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకొచ్చిన ఓడ అది. ముచ్చటైనదే, కానీ వేరే దీవిలో ఉంది. నన్నడిగితే ఈ దీవి దాటొద్దంటాను.

ప్రెస్ట్‌గాటన్ వీధిలో ఒక మూల ఇంటి గోడ అడుగున రూన్ రాయి, అంటే పాతకాలపు రూన్ అక్షరాలు చెక్కిన బండ, ఉంది. ఈ నగరం పుట్టకముందే తోర్‌స్టెన్, ఫ్రోగున్ అనే తల్లిదండ్రులు కొడుకు జ్ఞాపకార్థం చెక్కించిన రాయి. తర్వాతివాళ్లు దాన్ని మామూలు బండలా గోడలో పెట్టేసి, బండ్లు గుద్దుకోకుండా ముందర ఒక పాత ఫిరంగి గొట్టం పాతారు. జనం ఫిరంగినే ఫొటో తీసుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఏం చెయ్యను?

మోర్టెన్ ట్రోట్సిగ్ సందులో 36 మెట్లు, ఇరుకైన చోట వెడల్పు 90 సెంటీమీటర్లే. పెట్టె ఉన్నవాళ్ల సంగతి అక్కడ తేలుతుంది. ఎదుటివాళ్లు దిగేదాకా కింద నిలబడాల్సిందే. స్టోర్‌టోర్గెట్ చౌకు చేరితే రంగురంగుల ఇళ్ల ముందు కాఫీ తాగుతారు. 1520లో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియాన్ పదులకొద్దీ తలలు నరికించింది ఆ చౌకులోనే.

చివరికి నా దగ్గరికొస్తారు. అందరూ నా తల నిమరడమే! అదృష్టమట. నిమిరీ నిమిరీ బోడిగుండు తళతళలాడుతోంది. చలికాలంలో ఎవరో ఒకరు ఊలు టోపీ, మఫ్లరూ తొడిగి పోతారు, అది నచ్చుతుంది. జూన్‌లోనే కష్టం: రాత్రి పూర్తిగా చీకటి పడదు, చందమామ వెలవెలబోతాడు.

నా ముందు చిల్లర కూడా వేస్తారు. ఈ దేశంలో చాయ్‌కీ కార్డే గీకుతున్నారు కాబట్టి క్రోనర్ల కోసం వెతుక్కోకండి. మీ జేబులో ఏ ఊరి నాణెం ఉన్నా తీసుకుంటాను.