కరివేపాకుకు కటౌట్

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ పేరు చెబితే మనకు బాక్సింగ్ డే టెస్టు గుర్తొస్తుంది. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం అది ఫుటీ మైదానం. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు బరువెక్కకుండా ఏదో ఒక ఆట కావాలని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది నిబంధనలు రాసుకున్నారు. అలా ఒళ్లు తగ్గించుకోడానికి మొదలెట్టిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఇప్పుడు లక్షమంది పట్టే ఆ స్టేడియంలో ఏడాదికి ఆర్నెల్లు కాపురం చేస్తోంది. జట్టుకు పద్దెనిమిది మంది, కోలగా ఉండే బంతి, కోలగానే ఉండే మైదానం, రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు. మధ్య స్తంభాల నడుమ తన్నితే ఆరు పాయింట్లు, పక్కకు పోతే ఓదార్పుగా ఒకటి. ఈ ఆట గ్యాలరీల్లో ఒక రకం అభిమాని కనిపిస్తాడు. గోల్స్ కొట్టే హీరోల జోలికి పోడు. ఈ వారం వెనక కాపలా కాసి, వచ్చే వారం ముందుకెళ్లి గోల్స్ కొట్టి, ఆ పై వారం రక్‌మన్‌కి మోకాలు పట్టేస్తే అతని బదులు మధ్యలో బంతి కోసం గాల్లోకి ఎగిరే మనిషిని వెతికి పట్టుకుంటాడు. అలాంటి ఆటగాడు జట్టుకు కూరలో కరివేపాకు. అది లేనిదే రుచి లేదంటారు, విస్తట్లో ముందు ఏరి పక్కన పెట్టేదీ దాన్నే. ఆ కరివేపాకు 200 మ్యాచ్‌లో 250 మ్యాచ్‌లో పూర్తి చేసిన రోజున మన భక్తుడు దానికి కటౌట్ కడతాడు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. నవ్వొచ్చు, తప్పులేదు. కానీ ఆ స్టేడియం మొత్తంలో లెక్క సరిగ్గా వేసినవాడు అతనే అని నా వాదన.

ముందు నవ్వాల్సినంత నవ్వుకుందాం. మైలురాయి వారం సోమవారంనాడే మొదలవుతుంది. బీరువా అడుగునుంచి పాత జెర్సీ బయటికొస్తుంది. ఆటగాడు కొత్తలో వేసుకుని తర్వాత మార్చేసిన నంబరు దాని వీపున ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీరంతా నిన్న మొన్న వచ్చినవాళ్లని నోరు తెరవకుండా చెప్పే సాక్ష్యం అది. పొట్ట దగ్గర మాత్రం కాస్త మొరాయిస్తుంది, ఆటగాడి కెరీర్‌తో పాటు అదీ పెరిగింది మరి. మొదటి మ్యాచ్‌నాడే వీడిలో ఏదో ఉందని తను పసిగట్టినట్టు కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. ఆనాడు నిజంగా అతనన్నది "ఎవడీ పుల్ల?" అని. తర్వాత ఆరేళ్లపాటు "వీణ్ణి వెనక ఎందుకు పెట్టారు?" అన్నాడు. వెనక నుంచి తీస్తే "వెనక బాగానే ఆడుతున్నాడుగా, ఎందుకు తీశారు?" అన్నాడు. ఇక బ్యానర్ సంగతి మరీ చిత్రం. క్రేప్ కాగితం, టేపు, రెండు పొడుగాటి కర్రలు, కాసిని తాళ్లు. చీర్ స్క్వాడ్ అనే స్వచ్ఛంద బృందం మోకాళ్లు అరిగేలా నేలమీద కూర్చుని ఒక్కో అక్షరం అతికిస్తుంది. ఒకవైపు ఆటగాడి పేరూ అంకే, రెండోవైపు ప్రాస కుదిరీ కుదరని నాలుగు పంక్తులు. వెస్టర్న్ బుల్‌డాగ్స్ బ్యానర్లకయితే డానీ మెక్‌గిన్లే అనే స్టాండప్ కమెడియన్ పంచ్‌లు రాశాడు. మ్యాచ్ రోజు గాలి వీస్తే అందరూ తాళ్లు పట్టుకుని వేలాడతారు. ఆటగాడు చంటిబిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చి, బర్రున చించుకుని అవతలికి పోతాడు. అంత పనీ రెండు క్షణాల్లో చిత్తుకాగితం. భక్తుడు కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడతాడు.

ఇంత హడావుడీ ఒక అంకె కోసమా అంటే, అంకె కోసమే. ఇలాంటి ఆటగాడికి మిగిలేది అదొక్కటే కనక. కోల్‌మన్ పతకం లీగ్ దశలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడిది. బ్రౌన్‌లో పతకానికి లీగ్ దశలోని ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. వాళ్ల చూపు బంతి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ పతకం ఎక్కువగా మిడ్‌ఫీల్డర్ల మెడలోనే పడుతుంది. మన కరివేపాకు చేసే పని ఎలాంటిదో చూడండి. ప్రత్యర్థి ఫార్వర్డ్ గోల్ ముందు బంతి అందుకోబోతున్నాడు. అందితే తీరిగ్గా తన్ని ఆరు పాయింట్లు పట్టుకుపోతాడు. ఇతను వెనకనుంచి ఎగిరి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది బంతిని పక్క స్తంభాల సందులోకి పంపేస్తాడు. స్కోరుబోర్డు మీద ఎదుటి జట్టుకు ఒక పాయింటు పెరుగుతుంది. ఆరు పోవాల్సిన చోట ఒక్కటే పోనిచ్చినవాడి పేరు మర్నాటి పేపర్లో వెతికినా దొరకదు. గణాంకాలు రాసేవాళ్లు ఇలాంటి గుద్దుల్నీ, తన్నే కాలికి అడ్డం పడి ఆపిన బంతుల్నీ కలిపి వన్ పర్సెంటర్లు అనే గడిలో పడేస్తారు. భక్తుడు స్కోరు కన్నా ముందు ఆ గడి చూస్తాడు. ఎదుటివాళ్లకు పాయింటు వచ్చినప్పుడు లేచి ఈల వేస్తాడు. ఇతగాడు ఏ జట్టు మనిషో పక్కసీటు వాళ్లకు అర్థం కాదు.

ఆ గడిలో కూడా పట్టని పని ఇంకా చాలా ఉంటుంది. దాన్ని కొలిచేది మ్యాచ్‌ల సంఖ్యే. క్లబ్బు జాబితాలో నలభై మందికి అటూ ఇటూగా ఉంటారు. వారం వారం వాళ్లలో సుమారు సగం మందికే చోటు. కోచ్‌కి మొహమాటాలుండవు, వరసగా ఓడితే ముందు ఊడేది అతని ఉద్యోగమే. అలాంటివాడి చేత ఒకే పేరు 200 సార్లు రాయించుకోవడమంటే 200 ఓట్లు పడ్డట్టు. లీగ్ దశలో జట్టుకు ఏడాదికి 23 మ్యాచ్‌లు కాబట్టి ఒక్క గాయం లేకపోయినా 200కి తొమ్మిదేళ్లు కావస్తుంది. షాన్ బర్గోయిన్ పోర్ట్ అడిలైడ్‌కీ హాథార్న్‌కీ కలిపి వెనకా మధ్యా ముందూ 407 మ్యాచ్‌లు ఆడాడు. నాలుగు టైటిళ్లు చూశాడు, 2021లో 400 చేరిన తొలి మూలవాసీ ఆటగాడయ్యాడు, బ్రౌన్‌లో పతకం మాత్రం ఒక్కటీ లేదు. జిలాంగ్ ఆటగాడు మార్క్ బ్లిట్‌సావ్స్ అసలు స్టీపుల్‌చేజ్ పరుగు వీరుడు. అతణ్ణి రక్‌మన్‌గా, వింగ్‌లో, డిఫెన్స్‌లో అన్నిచోట్లా వాడారు. 2015లోనూ 2018లోనూ క్లబ్బు ఉత్తమ ఆటగాడి పతకం అతనిదే. లోపలివాళ్లకు విలువ తెలుసన్నమాట. బయటివాళ్లు కూడా గుర్తించిన అరుదైన మనిషి ఆడమ్ గూడ్స్. 2003లో ప్రధానంగా రక్‌మన్‌గా ఆడి బ్రౌన్‌లో పతకం పంచుకున్నాడు, 2006లో మిడ్‌ఫీల్డ్‌లో ఆడి మళ్లీ గెలిచాడు. అందరూ గూడ్స్‌లు కాలేరు గనకే మిగతావాళ్లకు మైలురాయి కావాలి.

199కీ 200కీ తేడా ఏమిటని కొందరడుగుతారు. సినిమాలకు శతదినోత్సవాలు చేసినవాళ్లం మనం ఆ ప్రశ్న అడగడం బాగోదు. అదీగాక ఈ ఆటలో అంకెలకు నిజంగానే ఫలితాలున్నాయి. తండ్రి ఒక క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకును తీసుకోవడంలో ఆ క్లబ్బుకే ప్రాధాన్యం, 99 దగ్గర ఆగితే ఆ దారి మూసుకున్నట్టే. 300 దాటినవాడికి లీగే జీవిత సభ్యత్వం ఇస్తుంది. ఇంకొందరు లెక్కనే తప్పుపడతారు. 2021లో మెడికల్ సబ్ నిబంధన వచ్చాక, బెంచీ దిగకుండా కూర్చున్నవాడి ఖాతాలోనూ ఒక మ్యాచ్ జమ అయింది, అదేం ఆటని వాళ్ల గోల. దానికి భక్తుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కూర్చోడానికైనా ఎవరో పేరు రాయాలి కదా!

ఆరేళ్లు తిట్టిపోసి ఇప్పుడు హారతి పట్టడమేమిటన్నది ఇంకో అభ్యంతరం. తిట్టాలంటే రావాలి, చూడాలి. హీరోని పొగడటానికి మర్నాటి హైలైట్స్ చాలు. కరివేపాకును తిట్టాలంటే నాలుగు క్వార్టర్లూ బంతి లేని చోట కూడా చూపు నిలపాలి. పోనీ, తన టికెట్టు డబ్బునీ తడిసిన సాయంత్రాలనీ తనే సన్మానించుకుంటున్నాడని అన్నా నాకు పేచీ లేదు, అవీ ఆ 200లో ఉన్నాయి. గ్యాలరీ జనమంతా ఇంత మంచివాళ్లని మాత్రం అనను. జాత్యహంకారాన్ని నిలదీసిన అదే గూడ్స్‌ను 2015లో మైదానం తర్వాత మైదానంలో గేలి చేశారు. లీగూ క్లబ్బులూ క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది. 372 మ్యాచ్‌ల మనిషికి జరిగిన మర్యాద అది. గేలి చేసే గుంపుకి ఆ పూట తప్ప ఇంకేదీ గుర్తుండదు. భక్తుడి ఆస్తి అంతా జ్ఞాపకమే. ఇద్దరూ పక్కపక్క సీట్లలోనే కూర్చుంటారు, ఒక్క గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఎక్కడ పెడితే అక్కడ ఆడేవాణ్ణి కోచ్‌లు వాడుకుంటారు, ఒక చోట కుదురుకుని గొప్పవాడయ్యే అవకాశాన్ని లాగేస్తారు, అభిమాని చప్పట్లు ఆ దోపిడీకి తీపి పూస్తాయి అంటారు. ఇందులో సగం నిజం ఉంది. జట్టు అవసరం అనే మాట చాలామంది మంచి ఏళ్లను మింగింది. కానీ చప్పట్లు మానేస్తే కోచ్ మారడు, ఆటగాడికి దక్కే ఆ ఒక్క సాయంత్రమూ పోతుంది, అంతే. పైగా ఒక చోటుకే పనికొచ్చేవాడు ఆ చోటు పోతే ఇంటికి వెళ్తాడు. నాలుగు చోట్లు తెలిసినవాడికి ముప్పై దాటాక కూడా ఏదో ఒక తలుపు తెరిచి ఉంటుంది. వాడుకలోనే అతని భద్రత కూడా ఉంది. ఈ మెలిక తెలిసినవాడు భక్తుడే. కోచ్‌ని తిడతాడు, ఆటగాడికి చప్పట్లు కొడతాడు, రెండూ ఒకేసారి, నోటితో ఒకటీ చేత్తో ఒకటీ.

మ్యాచ్ అయ్యాక సహచరులు ఆటగాణ్ణి భుజాల మీద మోసుకుపోతారు. మర్నాటి నుంచి 201 మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. భక్తుడికి కూడా అంత తీరిక లేదు. మూడు చోట్ల కలిపి నాలుగే మ్యాచ్‌లు ఆడిన ఓ పుల్లలాంటి కుర్రాడు అప్పటికే అతని కంట పడ్డాడు. వాణ్ణి వెనక ఎందుకు పెట్టారని తిట్టడం మొదలెట్టేశాడు.