కాగితం మీద ఏ లోటూ లేదు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పది నిమిషాల సినిమా కోసం మీరు చేసుకొచ్చే ఏర్పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. బొంబాయి ధారావిలో అడుగు పెట్టకముందే స్టోరీబోర్డు సిద్ధం. మురికి కాలువ ఏ మూల కనబడాలో, దాని పక్కన పిల్లవాడు ఎప్పుడు ఏడవాలో ముందే గీసి ఉంటుంది. వానొస్తే కెమెరాకు గొడుగు పట్టే మనిషి పేరు కూడా రాసుకుంటారు. గల్లీలో నల్లా ఏ వేళకు వస్తుందో మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఆడవాళ్లు బిందెలతో వరసకట్టే వేళకే మీ ట్రాలీ పట్టాలు పరుచుకుంటాయి.

నటుల ఎంపికలో మీ శ్రమ మరీ గొప్పది. నైంటీ ఫీట్ రోడ్డు పక్క గల్లీ కుర్రాడి పాత్రకు అంధేరీలో ఆడిషన్ పెట్టి, నున్నటి బుగ్గల పిల్లాణ్ణి ఏరి తెస్తారు. మసిపూసి మారేడుకాయ చేసే ఆ ఓపికకు దండం పెట్టాలి. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ మాట్లాడే అసలు కుర్రాడు వెనక గుంపులో నిలబడతాడు. అతన్ని ఎవరూ ఒక్క మాట చెప్పమని అడగరు. మీకు కావలసింది అతని చిరుగుల చొక్కాలోనే దొరికింది.

కామాఠిపురలో మీ నైపుణ్యానికి తిరుగులేదు. బొంబాయి కట్టడాలకు రాళ్లు మోయడానికి తెలుగునేల నుంచి వచ్చిన కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చిందని స్క్రిప్టు మొదటి పేజీలోనే రాసుకుంటారు. చరిత్ర చదివి రావడం మంచి అలవాటు. తర్వాత, కూరగాయల సంచితో ఇంటికెళ్తున్న మా వదిన ముఖాన్ని దూరం నుంచి జూమ్ చేసి, ఆమెకు తెలియకుండానే ఆమెను వేశ్యావాటిక బతుకులోకి దింపేస్తారు. సంతకం లేదు, కూలి లేదు. అంత సహజమైన నటన రాబట్టడం పేరున్న దర్శకులకూ కష్టమే.

మీకు ముందూ ఈ బస్తీల కథలు తీసినవాళ్లున్నారు. 1988లో వచ్చిన 'సలామ్ బాంబే!' కోసం దర్శకురాలు మీరా నాయర్ వీధి పిల్లల్ని చేరదీసి, వారాల తరబడి వర్క్‌షాప్ నడిపి, వాళ్లలోంచే నటుల్ని ఎంచుకున్నారు. ఆ పిల్లల కోసమే సలామ్ బాలక్ ట్రస్టు పుట్టింది. 1987 నాటి 'నాయకన్' కోసం కళా దర్శకుడు తోట తరణి ధారావినే మద్రాసు వీనస్ స్టూడియోలో కట్టి జాతీయ పురస్కారం అందుకున్నారు. ధారావిలో బిందెలకు అడ్డం రావడం చాలావరకు తప్పింది. వాళ్లకంటే మీరు వేగం. మూడు రోజుల్లో ముగిస్తారు.

2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుడి పని రోజుకు 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లవాడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీ బడ్జెట్ పట్టికలో లెన్సు అద్దె, హార్డ్ డిస్కు, ఫెస్టివల్ ఫీజు పైసలతో సహా లెక్కకట్టి ఉన్నాయి. పిల్లవాడి ఎదుట 'వడాపావ్' అని ఉంది.

ఆ పట్టిక మళ్లీ తెరవండి. పిల్లవాడి పేరు, అతని రోజు కూలి, వాళ్లమ్మ సంతకం మొదటి గడుల్లో పడ్డాకే లెన్సు బేరానికి వెళ్లండి.