నాలుగుంపావు అంగుళాల గుంత

మామిడి రైతుకి ఓపిక రావాలంటే గోల్ఫ్ నేర్పించాలట. ఈ మాట విన్నది నూజివీడులో. అదీ పూత మీద తేనెమంచు పురుగు దిగి, మందు కొట్టే మనుషులు దొరక్క తోటలవాళ్లు ఫోన్లు పట్టుకుని పరుగులు పెడుతున్న రోజుల్లో. అన్నది మా బావ. ఆయనకి పన్నెండెకరాల తోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, మధ్యమధ్యలో చిన్నరసం, పెద్దరసం. ఏటా పూత కళ్లబడగానే తోటని కాంట్రాక్టరుకి అమ్మేసి, అడ్వాన్సు జేబులో వేసుకుని విజయవాడ వెళ్లిపోతాడు. పిందె కాయయ్యేదాకా ఆగలేని మనిషి ఓపిక మీద ఉపన్యాసం ఇస్తుంటే నేనూ ఓపిగ్గానే విన్నాను.

ఈ జబ్బు ఫ్రిస్కో నుంచి వచ్చింది. డల్లాస్ పక్కనున్న ఆ ఊళ్లో మనవాళ్లకి కొదవ లేదు. అమెరికా గోల్ఫ్ నిపుణుల సంఘం, పీజీఏ ఆఫ్ అమెరికా, 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని కూడా ఆ ఊరికే మార్చుకుంది. అంటే ఆవకాయా గోల్ఫూ ఇప్పుడు ఒకే ఊళ్లో దొరుకుతున్నాయి. కొడుకుని చూడ్డానికి వెళ్లిన బావని, ఆ కొడుకే ఓ శనివారం ప్రాక్టీసు రేంజికి తీసుకెళ్లి బుట్టెడు బంతులు అద్దెకి ఇప్పించాడు. సగం బంతులు బావ కాళ్ల ముందే పొర్లాయి. మిగతావాటిలో చాలావాటి జోలికి కర్ర అసలు పోలేదు, గడ్డి మాత్రం పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఒక్కటంటే ఒక్క బంతి టక్కున లేచి, వంకర పోకుండా, దూరంగా పోయి పడింది. ప్రపంచంలో గోల్ఫ్ వ్యాపారమంతా ఆ ఒక్క బంతి మీదే నడుస్తోంది. అది కూడా పొర్లి ఉంటే మా ఇంటి ఆడపడుచు ప్రశాంతంగా ఉండేది.

కొత్తగా మొదలుపెట్టేవాడు ముందు నేర్చుకునేది కొట్టడం కాదు, కొనడం. నియమాల ప్రకారం సంచిలో 14 కర్రల వరకు ఉండొచ్చు. కొత్తవాడికి ఆరేడు చాలని పుస్తకాలే చెబుతాయి. మా బావ పద్నాలుగూ కొన్నాడు. కారణం అడిగితే, 'ఉండనిచ్చినప్పుడు తక్కువ పెట్టుకోవడమెందుకు?' అన్నాడు. పెళ్లి భోజనంలో కూడా ఆయన పద్ధతి అదే. తొడుగు ఒక చేతికే. కాలరున్న చొక్కా ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వని క్లబ్బులున్నాయి. ఎండలో తోట చుట్టి వచ్చే పాలేరుకి నెత్తిన తువ్వాలు సరిపోతుంది. ఎండలో గడ్డి మీద నడిచే దొరకి మాత్రం ముళ్ల బూట్లు, గొడుగు, ఆ గొడుగు తగిలించుకోవడానికి సంచికి ఓ కొక్కెం కావాలి.

ఇక్కడో చిన్న సంగతి. కిందటి శతాబ్దం చివరిదాకా డ్రైవర్ అనే పెద్ద కర్ర తలని పర్సిమన్ చెక్కతో చేసేవాళ్లు. ఆ పర్సిమన్ మన అడవుల్లోని తునికి చెట్టుకి దాయాది, ఒకే ప్రజాతి. అమెరికావాడు దాని చెక్కతో బంతిని కొట్టాడు, మనం దీని ఆకుతో బీడీ చుట్టాం. రెండు అలవాట్లలో ఏది ఎక్కువ కాపురాలు కూల్చిందో నేను చెప్పలేను.

నూజివీడు నుంచి గోల్ఫ్ ఆడాలంటే ఇటు హైదరాబాద్, లేదంటే అటు విశాఖ. ఏ దారైనా గంటలకి గంటలు. బావ హైదరాబాద్ ఎంచుకున్నాడు, బియ్యపు బస్తా కూడా బంధువులింట్లో దించొచ్చని. కోచ్ మొదటి రోజు చెప్పింది ఒకటే: తల కదపకు. రెండో రోజు కూడా అదే. డబ్బు తీసుకుని తల కదపొద్దని చెప్పే ఉద్యోగం ఇంకోటి ఉందో లేదో గాని, మా అక్క మాత్రం ముప్పయ్యేళ్లుగా ఆ పని ఉచితంగా చేస్తోంది.

ఆ తర్వాత హ్యాండిక్యాప్. ఇది తెలిశాకే నాకు ఈ ఆట మీద నిజమైన గౌరవం కలిగింది. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి, కొత్తవాడికి గరిష్ఠంగా 54 వరకు ఇస్తారు. దగ్గర దగ్గర అన్ని దెబ్బలు ఎక్కువ కొట్టినా లెక్కలోంచి కొట్టేస్తారన్న మాట. చేతకానితనాన్ని కొలిచి, అంకె వేసి, కార్డు మీద అచ్చుకొట్టి ఇచ్చే ఆట ఇంకేది? ఆ కార్డు మా బావ కాంట్రాక్టరుకి కూడా చూపించాడు. పాపం ఆయన దాన్ని బ్యాంకు వాళ్లిచ్చిన పరపతి పరిమితి అనుకుని, 'ఈసారి అడ్వాన్సు తగ్గించుకుందామాండి?' అని అడిగాడు. కార్డు మీది అంకె చాలదన్నట్టు స్నేహితుల ఉదారత కూడా ఉంది. మొదటి దెబ్బ పాడైతే మళ్లీ కొట్టుకోనిస్తారు. బంతి గుంతకి జానెడు దూరంలో ఉంటే పడినట్టే రాసుకోమంటారు. 1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో రాసిన మొదటి నియమాలు పదమూడే, వాటిలో ఈ రాయితీలు లేవు. అంతకుముందు 1457లోనే అక్కడి రాజు రెండో జేమ్స్ కాలంలో పార్లమెంటు ఈ ఆటని నిషేధించింది, జనం విలువిద్య సాధన మానేస్తున్నారని. ముందుచూపున్న పార్లమెంటు.

గోల్ఫ్ నిజాయితీ నేర్పుతుందన్నది రెండో మాట. దీనికి బావ దగ్గర మంచి సాక్ష్యమే ఉంది, అదీ తెలుగు సాక్ష్యం. గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. అతను 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో ఇసుక గుంతలోంచి కొట్టబోతూ కర్రని వెనక్కి ఊపినప్పుడు అది ఇసుకకి తగిలిందని తనే చెప్పి, రెండు దెబ్బల శిక్ష నెత్తిన వేసుకున్నాడు. చివరికి మూడో స్థానం దక్కింది. కోట్ల రూపాయలు ఊగిసలాడే చోట ఆ మాట చెప్పిన కుర్రాడికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పెట్టాను కూడా. అయితే ఆ నిజాయితీ గోల్ఫ్ కర్రలో ఉందంటేనే నాకు పేచీ. అక్కడే ఉంటే కాటా దగ్గర తరుగు తీసేవాళ్లందరికీ ముందుగా క్లబ్ సభ్యత్వం ఇప్పించాలి. నున్న మామిడి మార్కెట్‌కి ట్రాక్టరు తోలుకెళ్లిన ప్రతి రైతూ చందా వేస్తాడు.

మూడోది పరిచయాలు. అసలు రోగం ఇదే. పద్దెనిమిది గుంతలు తిరగడానికి నాలుగు గంటలు పడుతుంది, ఆ నాలుగు గంటలూ పెద్దవాళ్ల పక్కన నడవొచ్చు, పనులవుతాయి అంటారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రెండు నిమిషాల్లో తేల్చే బేరానికి వీళ్లకి నాలుగు గంటలూ, నూరెకరాలూ కావాలి. పైగా కొత్తవాడి పక్కన పెద్దవాడెవడూ నడవడు. కొత్తవాడి బంతి ఎటు పోతుందో పెద్దవాడికి తెలుసు, పెద్దరికం వచ్చిందే అలాంటివి కనిపెట్టి. మా బావకి ఆ మైదానంలో దొరికిన ఒకే ఒక్క పరిచయం సంచి మోసే క్యాడీ కుర్రాడు. ఏ కర్ర తీయాలో, గాలి ఎటుందో, బంతి ఏ పొదలో పడిందో అన్నీ చెప్పేది అతనే. తప్పిపోయిన బంతి వెతకడానికి మూడు నిమిషాలే గడువు, అతను ఒక్క నిమిషంలో తెచ్చేవాడు. బావ కొట్టిన ప్రతి దెబ్బకీ 'సూపర్ షాట్ సార్' అనడం ఒక్కటే అతను ఆడిన అబద్ధం. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆట తెలిసినవాడు సంచి మోస్తుంటే, సంచి కొన్నవాడు ఆడుతుంటాడు. ఈ ఏర్పాటు మాత్రం మన కౌలు వ్యవహారం తెలిసినవాళ్లకి కొత్తగా ఉండదు.

నడక మంచిదే, ఆట కష్టమైనదే, ఇష్టపడి ఆడేవాళ్లతో నాకు గొడవ లేదు. నా గొడవ నేలతో. తెలుగునాట గోల్ఫ్ అన్నప్పుడల్లా బంతి కంటే ముందు ఎకరాలు వినపడతాయి. గోల్కొండ కోటలోని నయా ఖిల్లా చూడండి. అక్కడ ఏనుగంత బోదెతో వందల ఏళ్ల బావోబాబ్ చెట్టొకటి ఉంది. చారిత్రక కోటలోని ఆ చెట్టు దగ్గరికి పోవాలంటే చుట్టూ గోల్ఫ్ గడ్డే. పురావస్తు శాఖకీ గోల్ఫ్ వాళ్లకీ అక్కడ తగువులు నడిచాయి. గచ్చిబౌలి దగ్గర ఎమ్మార్ ప్రాజెక్టులో గోల్ఫ్ మైదానానికి 235 ఎకరాల ప్రభుత్వ భూమి లీజుకి పోయింది. పక్కన విల్లాలు లేచాయి, ఆ వ్యవహారమంతా 2011లో సీబీఐ కేసు దాకా వెళ్లింది. మామిడి మొక్కలు బాగా ఎడంగా నాటితే ఎకరానికి 40 పడతాయి. 235 ఎకరాలంటే 9,400 చెట్లు. బంతి పడే గుంత వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, పద్దెనిమిది గుంతలూ కలిపినా ఒక చాప కింద దాక్కుంటాయి.

ఇప్పుడా గాలి మెట్టకి తిరిగింది. 2014లో రాజధాని నూజివీడు చుట్టుపక్కలే వస్తుందన్న ప్రచారం లేచినప్పుడు ఇక్కడి తోటల ధరలు ఎలా ఎగిరాయో, ఎగిరినవి ఎక్కడ పడ్డాయో అందరూ చూశారు. అప్పుడు కొన్నవాళ్లు ఇంకా రాజధాని కోసం చూస్తున్నారు, వాళ్లకి కావలసినంత ఓపిక ఉంది, గోల్ఫ్ అక్కర్లేదు. మొన్న బావ నన్ను ఒక వెంచర్‌కి తీసుకెళ్లాడు. కాపు కాసే చెట్లు కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, సిమెంటు రాళ్లు పాతారు. అట్టల పుస్తకంలో ఆ నేలంతా పచ్చగడ్డి, తెల్లజెండాలు, టోపీ పెట్టుకున్న విదేశీ దంపతులు. 'గోల్ఫ్ వ్యూ' ప్లాట్లట. గజానికి వెయ్యి ఎక్కువ. బర్ముడా గడ్డి వేసవిలో పచ్చగా ఉండాలంటే తరచూ తడి కావాలి. ఈ మెట్టలో మామిడి బతికిందే దానికి అంత తడి అక్కర్లేదు కాబట్టి. అందుకని ప్లాట్లు చూపిస్తున్న కుర్రాణ్ణి అడిగాను.

'బోరు ఎన్ని అడుగుల్లో పడింది బాబూ?'

'గోల్ఫ్ కోర్సుకా సార్, ప్లాట్లకా?'

'ముందు ప్లాట్ల సంగతి చెప్పు.'

'ప్లాట్లకి ట్యాంకర్ వస్తుంది సార్.'

'మరి గోల్ఫ్‌కి?'

'అది రెండో ఫేజ్ సార్. ఈలోపు అంకుల్‌గారు నేర్చేసుకుంటారు.'