మినుక్కుమనని గుట్ట: టీకా, తాత్పర్యం

మూలం: “అన్నా, గుట్ట మీద లైట్లు మినుక్కుమంటలేవు, బొమ్మ గట్లనే నిలబడ్డది.”

అవతారిక: మౌలాలిలో ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు చేసే ఏ దుకాణంలోనైనా రజబ్ నెలలో వినిపించదగిన వాక్యమిది. వక్త గిరాకీ. శ్రోత మౌస్ మీద చెయ్యేసి కూర్చున్నవాడు. రసం రౌద్రం.

ప్రతిపదార్థం:

అన్నా = ఫోటోషాప్ తెలిసినవాడా! రేటు తగ్గించమన్నా, తప్పు పట్టినా సంబోధన ఇదే.

గుట్ట మీద = మౌలాలి గుట్టపైన. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఆస్థాన సేవకుడు యాకూత్ కలలో మౌలా అలీ ఇక్కడ దర్శనమిచ్చాడనీ, రాతి మీద ఆయన చేతి గుర్తు పడిందనీ కథ.

లైట్లు = టైమ్‌లైన్ ప్యానెల్లో ఒక ఫ్రేములో వెలిగి, రెండో ఫ్రేములో ఆరే పసుపు చుక్కలు.

బొమ్మ = జిఫ్ ఫైలు. 1987లో కంప్యూసర్వ్‌లో స్టీవ్ విల్‌హైట్ బృందం తయారుచేసిన రూపం. ఫ్రేము ఎంతసేపు నిలవాలో చెప్పే వీలు 1989 నాటి సవరణతో వచ్చింది.

గట్లనే నిలబడ్డది = మొదటి ఫ్రేము దగ్గరే ఆగిపోయింది.

తాత్పర్యం: డిజైనరు ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ నొక్కాడు. ఆ దారిలో కదిలే జిఫ్ రాదు, ఒక్క ఫ్రేమే వస్తుంది. వెళ్లవలసింది ‘సేవ్ ఫర్ వెబ్’కు. 2015 నుంచి దాని పక్కన ‘లెగసీ’ అని రాసి ఉంటుంది కనుక పాతదని దాటిపోయేవాళ్లే ఎక్కువ. అక్కడికి వెళ్లినా ఫార్మాట్ జేపెగ్ అని ఉంటే ఫలం మళ్లీ అదే.

పాఠాంతరాలు: వ్యాధి పాఠాన్ని బట్టి మారుతుంది కాబట్టి గిరాకీ నోటి మాటను దిద్దకుండా వినాలి.

“ఒక్కసారి మినుక్కుమని ఆగింది” అంటే లూపింగ్ ‘వన్స్’లో ఉంది, ‘ఫరెవర్’ చేయాలి. ఈ పునరావృత్తి 1989 లక్షణంలో లేదు, నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 చేర్చిన ప్రక్షిప్తం.

“మెల్లగ మినుకుతున్నది” అన్న పాఠంలో విరోధాభాసాలంకారం ఉంది. తొందరగా కదలాలని డిజైనరు ఆలస్యం సున్నా పెట్టాడు. జిఫ్‌లో కాలాన్ని సెకనులో నూరో వంతుల్లో కొలుస్తారు. సున్నాను చూసిన బ్రౌజర్లు దాన్ని పది వంతులుగా, అంటే 0.1 సెకనుగా తీసుకుంటాయి. 0.02 సెకను పెడితే ఇంతకన్నా వేగంగా ఆడుతుంది.

“చుట్టూ తెల్లటి అంచు” అంటే మ్యాట్ రంగు తప్పు. జిఫ్‌లో పిక్సెల్ ఉంటుంది, లేదా ఉండదు. సగం పారదర్శకత లేదు. ఏ నేపథ్యం మీద పెడతారో ఆ రంగునే మ్యాట్‌గా ఎంచాలి.

“ఆకాశం పట్టీలు పట్టీలుగ” అంటే 256 రంగుల పరిమితి. డిథర్ పెంచితే పట్టీలు కలిసిపోతాయి, ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

పూర్వపక్షం: పైవన్నీ సరిచేసినా బొమ్మ కదలడం లేదు, కనుక ఫైలే చెడిపోయింది.

సిద్ధాంతం: కాదు. దుకాణంలోది విండోస్ 7 కంప్యూటరైతే దాని ఫోటో వ్యూయర్ కదిలే జిఫ్‌ను కూడా నిలబెట్టే చూపిస్తుంది. అదే ఫైలును క్రోమ్‌లోకి లాగితే దీపాలు మినుక్కుమంటాయి. ఇక వాట్సాప్ జిఫ్‌ను వీడియోగా మార్చి పంపుతుంది, కాబట్టి అసలు ఫైలే కావాలన్న గిరాకీకి డాక్యుమెంట్‌గా పంపాలి. డబ్బులు అంతకుముందే తీసుకోవాలా అన్నదానిపై వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు.