సంఘం చీలిందా? గాయం మానకుండా చూసుకోండి

రాజాంలో మందిరం రెండు ముక్కలైతే మొదటి ఆదివారం ఇరువైపులా ఎవరికీ అన్నం సహించదు. కంగారు పడకండి. ఆ బాధను కాస్త ఓపికతో సాకితే మనవల దాకా అందుతుంది.

ముందు, గొడవ ఎందుకు వచ్చిందో మరిచిపోండి. కానుకల లెక్క అడిగినందుకో, అయ్యగారి బదిలీ నచ్చకో, స్త్రీల సమాజంలో ఒకావిడను ప్రార్థన చేయమని పిలవనందుకో మొదలై ఉంటుంది. దాన్ని అంత చిన్నదిగా వదిలేస్తే ఏ సాయంత్రమో టీ తాగుతూ తేలిపోయే ప్రమాదముంది. వెంటనే సిద్ధాంతంగా మార్చండి. "లెక్క చూపలేదు" అనకండి, "అక్కడ వాక్యం లేదు" అనండి. లెక్కయితే పుస్తకం తెచ్చి ముందు పెడతారు. వాక్యానికి ఏం తెస్తారు?

తరవాత రిజిస్ట్రేషన్. ప్రభువు నామాన కూడడానికి ఇద్దరు ముగ్గురు చాలు గాని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టానికి ఏడుగురు కావాలి. ఆరుగురే దొరికితే గుడికి రాని బావమరిదిని కలుపుకోండి, సంతకానికి విశ్వాసంతో పనిలేదు. ఆపైన కోర్టు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆరో అధ్యాయం ఆ వారం తెరవకండి.

ఆస్తి దావాకు వారసత్వం కావాలి కాబట్టి కెనడా బాప్టిస్టు దొరలు 1874లో కాకినాడకీ, 1879లో బొబ్బిలికీ వచ్చారని గట్టిగా చెప్పండి. వాళ్లకంటే ముందే కాకినాడలో తోమాసు గబ్రియేలు అనే తెలుగువాడు పని మొదలెట్టి, అప్పుల్లో కూరుకుని, వాళ్లను రమ్మని అడిగాడన్న సంగతి ఎత్తకండి. ఎత్తితే ఆస్తి మాట పోయి ఆ మనిషి పడ్డ పాట్లు చర్చకొస్తాయి.

బజార్లో అవతలి వర్గం పిన్ని ఎదురైతే ఫోను చూసుకుంటూ వెళ్లిపోండి. "ఏటి పిన్నీ, ఒంట్లో ఎలాగుంది?" అని నోరు జారారో, మోకాళ్ల నొప్పులతో మొదలై మీ అమ్మ జ్ఞాపకాల దాకా వెళుతుంది. ఆవిడ మానేసింది మందిరాన్ని మాత్రమే, మిమ్మల్ని కాదని బయటపడితే మీకే నష్టం.

అన్నిటికంటే చిక్కు సమాధుల తోట. ఈస్టరు తెల్లవారుజామున రెండు వర్గాలూ కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే రావాలి. మీ నాన్న పక్కన పడుకున్నది అవతలి డీకను నాన్న. పైగా పాడే కీర్తనల పుస్తకం ఒక్కటే, పురుషోత్తమ చౌదరి గారు ఏ వర్గానికీ రాసివ్వలేదు. ఒకరు పల్లవి ఎత్తితే రెండోవారి గొంతు దానంతటదే కలుస్తుంది. అందుకని వేళలు మార్చుకోండి: మీరు నాలుగింటికి, వాళ్లు అయిదింటికి. అది కుదరకపోతే మైకు పెట్టండి, పెద్ద మైకు.

2022 ఏప్రిల్‌లో రాజాం మొత్తం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. దానికోసం ఏ అన్నదమ్ములూ మాటలు మానుకోలేదు. అంత తేలిగ్గా తీసుకోవడం సంఘంలో పనికిరాదు.

బాధ మరీ ఎక్కువై ఏడుపొస్తే? అవతలివాళ్ల కోసం ప్రార్థన చేయండి, కాని మైకులో, పేర్లతో. ఒంటరిగా, తలుపేసుకుని, మీ వాటా తప్పు కూడా కలిపి ప్రార్థించే పద్ధతి ఒకటుంది, దాని జోలికి పోకండి.

చివరగా, నంద్యాలతో జాగ్రత్త. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరకుండా విడిగా నిలబడ్డారు. ఎంచక్కా 28 ఏళ్లు లాగి, 1975లో కలిసిపోయి మనలాంటివాళ్ల పరువు తీశారు. అటువైపు వెళితే పని చూసుకుని వచ్చేయండి. ఎలా కలిశారని మాత్రం ఎవరినీ అడక్కండి.