సంద్రపు దొంగల సిన్మా: సటీకా తాత్పర్యము

మూలం: “తాతా! గా సంద్రపు దొంగల బొమ్మల సిన్మా పెట్టు, బువ్వ తింట.”

అవతారిక: కాటారంలో ఒక సాయంత్రం, పళ్లెం ముందు కూర్చున్న నాలుగేళ్ల మనవరాలి వాక్కు ఇది. ఎనిమిదేళ్ల అన్న, పదమూడేళ్ల అక్క మౌనంగా అనుమోదించారు. మల్లినాథసూరి మన మెదకు దిక్కు కొల్చారం వాడే గనుక, టీక రాయడం తెలంగాణ తాతల జన్మహక్కని ఉపక్రమిస్తున్నాను.

ప్రతిపదార్థం: తాతా = రిమోటు చేతిలో గలవాడా; గా = నిన్నా మొన్నా చూసినట్టి; సంద్రపు దొంగల = ఓడలు దోచేవారి యొక్క (పిల్ల సంద్రాన్ని చూడలేదు. కాళేశ్వరంలో ప్రాణహిత కలిసిన గోదావరే తనకు సంద్రం. వంతెన లేని రోజుల్లో సిరొంచకు పడవలో దాటిన నాకూ చిన్నప్పుడు అదే భ్రమ); బొమ్మల = ఒక్కో భంగిమకు చేత్తో కదిపి, ఫొటోలు తీసి, వరుసగా పేర్చగా నడిచేవైన; సిన్మా = 2012లో ఆర్డ్‌మన్ స్టూడియో వారి ‘ద పైరేట్స్! బ్యాండ్ ఆఫ్ మిస్‌ఫిట్స్’ను; పెట్టు = ఇప్పుడే పెట్టుము; బువ్వ తింట = ఇది లంచం.

వ్యాకరణ విశేషం: ‘తింట’ భవిష్యత్తుకూ తద్ధర్మానికీ ఒకటే రూపం. తద్ధర్మమంటే రోజూ తింటుందని అర్థం వస్తుంది. అది అనుభవవిరుద్ధం.

తాత్పర్యం: ఆ యేటి మేటి దొంగ బిరుదు కోసం ఒక కెప్టెన్ పడే పాట్లు. చిలుక అనుకొని పెంచుకున్నది డోడో అని డార్విన్ కనిపెడతాడు. దాన్ని వండించుకు తినాలని విక్టోరియా రాణి పన్నాగం.

పాఠాంతరం: ట్రైలర్‌లో ఒక ఓడవాడు “ఇది కుష్ఠు ఓడ” అనగానే చేయి ఊడి పడుతుంది. కుష్ఠు రోగుల కోసం పనిచేసే సంస్థలు ఆక్షేపించగా ‘ప్లేగు ఓడ’ అని దిద్దారు. పరిష్కృత పాఠమే గ్రాహ్యం. కుష్ఠుకు మందుంది, నయమవుతుంది, చేతులు అట్లా ఊడిపడవు. ఈ ముక్క పిల్లలకు నేనే చెప్పాను.

పూర్వపక్షం: దొంగల కథ పిల్లలకు తగదని పక్కింటాయన. ఆయన సినిమా చూడలేదు. ఈ దొంగలు దోచింది తక్కువ, ఉత్తచేతులతో తిరిగొచ్చింది ఎక్కువ.

అధికారి నిర్ణయం: ఎవరు చూడదగునని ప్రశ్న. బ్రిటన్ వారు ‘యూ’ అన్నారు, అమెరికా వారు ‘పీజీ’ అన్నారు. మన దేశంలో 2023 సవరణ చట్టం యూఏను 7+, 13+, 16+గా చీల్చింది. మా చిన్నదానికి ఆ మెట్లలో చోటే లేదు. అది దొంగలకు జంకలేదు. రాణి కత్తులు దూయగానే నా తుండుగుడ్డలో తల దూర్చింది. పెద్దది ఇంగ్లీషు మాటలకు తెలుగు చెబుతూ నాకంటే మంచి టీకాకర్త అనిపించుకున్నది.

చిక్కు వచ్చింది నడిమివాడితోనే. “తాతా, డోడో మన మాదేవుపూర్ అడవిల ఉంటదా?” అన్నాడు. మారిషస్ దీవి పక్షి అనీ, 1662 తర్వాత నమ్మదగ్గ సాక్ష్యంతో ఎవరూ చూడలేదనీ చెప్పాను. కత్తులకు నవ్విన పిల్లగాడు దీనికి ఏడ్చాడు. ఏ సర్టిఫికెట్టులోనూ ఈ హెచ్చరిక లేదు.

సిద్ధాంతం: పదమూడేళ్లదానికి అభ్యంతరం లేదు. ఎనిమిదేళ్లవాడికి పక్కన తాత ఉండవలె. నాలుగేళ్లదానికి రాణి కత్తి తీసేదాకా.

గద్య: ఇది కాటారం తాత విరచితమైన టీక. సిన్మా సమాప్తం. బువ్వ పళ్లెంలోనే ఉన్నది.